హనీ లోకస్ట్ చెట్టు: గుర్తుపట్టడం నుంచి గింజ మొలకెత్తించేదాకా తిరుపతి, చిత్తూరు పాఠకులకు సమగ్ర మార్గదర్శి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్ళి కొన్ని నెలలపాటు ఉండి వచ్చే తల్లిదండ్రులకు, సాయంత్రం నడకలో కాలిబాట పక్కన తరచుగా కనబడే చెట్లలో హనీ లోకస్ట్ ఒకటి. దాని ఆకు దూరానికి చింతాకులా ఉంటుంది; ఆకురాలు కాలంలో జానెడుకు మించిన గోధుమరంగు కాయలు మెలితిరిగి వేలాడుతుంటాయి. చూసిన వారందరికీ దాదాపు ఒకే రకం సందేహాలు వస్తాయి: ఇది మన చింతకు చుట్టమా, దీని కాయ తినవచ్చా, నాలుగు గింజలు తెచ్చి మన తోటలో వేస్తే బతుకుతుందా? ఈ ప్రశ్నలకు ఆధారాలతో జవాబు చెప్పుకుంటూ, చెట్టును గుర్తుపట్టే పద్ధతి, గింజను శుద్ధి చేసి మొలకెత్తించే పద్ధతి, మన నేలకు అది తగునా తగదా అని తేల్చుకునే పద్ధతి ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

ముందుగా చెట్టు పుట్టుపూర్వోత్తరాలు

దీని శాస్త్రీయ నామం గ్లెడిట్సియా ట్రయకాంథోస్. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ పేరు పెట్టాడు. బెర్లిన్ వృక్షోద్యానాన్ని నడిపిన గ్లెడిష్ అనే శాస్త్రవేత్త గౌరవార్థం ఈ ప్రజాతికి ఆ పేరు వచ్చింది. ఉత్తర అమెరికా మధ్య, తూర్పు భాగాలు దీని సొంత ఊరు. పెన్సిల్వేనియా నుంచి పడమరగా నెబ్రాస్కా వరకు, దక్షిణాన టెక్సాస్ వరకు, ముఖ్యంగా మిసిసిపీ, ఒహాయో నదుల లోయల్లోని తేమ నిలిచే ఒండ్రు నేలల్లో ఇది సహజంగా పెరుగుతుంది. ఎత్తు 20 నుంచి 30 మీటర్లు. ఎదుగుదల వేగంగా ఉంటుంది. ఆయుష్షు వందేళ్ళు దాటుతుంది.

బంధుత్వం విషయానికి వస్తే, ఇది చిక్కుడు కుటుంబానికి చెందినదే అయినా చింతకు దగ్గరి చుట్టం కాదు. 2017లో ఆ కుటుంబపు వర్గీకరణను సవరించినప్పుడు చింత వేరే ఉపకుటుంబంలోకి వెళ్ళింది. హనీ లోకస్ట్ మాత్రం మన రేల, తంగేడు, తుమ్మ, సీమచింత, నిద్రగన్నేరు ఉన్న ఉపకుటుంబంలో నిలిచింది. కాబట్టి ఆకు చూసి చింతతో పోల్చడం కన్నా, కాయను, ముల్లును చూసి సీమచింతతో, నిద్రగన్నేరుతో పోల్చి చూడటం మేలు. చిక్కుడు కుటుంబపు మొక్కలన్నీ వేరుబుడిపెల్లో నత్రజనిని కూడబెడతాయని మనలో చాలామంది అనుకుంటారు గాని, హనీ లోకస్ట్ వేళ్ళకు ఆ బుడిపెలు రావు. నేలను సారవంతం చేస్తుందన్న ఆశతో దీనిని పెంచవలసిన పని లేదు.

ఈ చెట్టు గుణాలను విడివిడిగా బట్టీ పట్టే బదులు వాటిని కలిపే సూత్రం ఒకటి తెలుసుకుంటే మిగిలిన మార్గదర్శి అంతా సులభంగా అర్థమవుతుంది. కాయలోని తీపి పెద్ద జంతువులను పిలవడానికి. మాను మీది పొడవాటి ముళ్ళు ఆ జంతువులే చెట్టును చీల్చి తినకుండా ఆపడానికి. గింజకున్న రాతి గట్టిదనం వాటి దవడల నుంచి, కడుపు నుంచి క్షేమంగా బయటపడడానికి. పది వేల ఏళ్ళకు పైగా కిందట అంతరించిపోయిన, ఏనుగును పోలిన మాస్టడాన్ల వంటి జంతువులకోసం ఈ ఏర్పాటు రూపుదిద్దుకున్నదని కొందరు జీవశాస్త్రవేత్తల అభిప్రాయం. వాటి స్థానంలో ఇప్పుడు పశువులు ఉన్నాయి. తీపి, ముల్లు, గట్టి గింజ ఈ మూడింటినీ కలిపి చూసినప్పుడే గింజ శుద్ధి ఎందుకు చేయాలో, ఈ చెట్టును మేత భూముల్లో ఎందుకు నాటకూడదో బోధపడుతుంది.

మొదటి దశ: ఆకును చేతిలోకి తీసుకుని చూడటం

వసంతంలో ఈ చెట్టు మిగిలిన చెట్లకన్నా ఆలస్యంగా చిగురిస్తుంది. కాబట్టి ఏప్రిల్ చివర ఇంకా మోడుగా ఉన్నంత మాత్రాన చచ్చిపోయిందని అనుకోకూడదు. ఆకులు విప్పుకున్నాక ఒక ఆకును మొదలంటా కోసి అరచేతిలో పరచుకోవాలి. ఒక ఈనెకు ఇరువైపులా రెండు సెంటీమీటర్ల పొడవున్న చిట్టి ఆకులు వరుసగా ఉంటాయి. ఈనె చివర ఒంటరి చిట్టి ఆకు ఉండదు. ఇది గట్టి గుర్తు. ముదురు కొమ్మల మీది ఆకులు ఇలా ఒకే ఈనెతో ఉంటే, జోరుగా సాగుతున్న లేత రెమ్మల మీద ఆ ఈనె మళ్ళీ పిల్ల ఈనెలుగా చీలి, తుమ్మాకులా రెండంచెల ఆకు కనబడుతుంది. ఒకే చెట్టు మీద, ఒక్కోసారి ఒకే కొమ్మ మీద, రెండు రకాల ఆకులూ కలిసి ఉండటం చూసి ఇవి రెండు చెట్లని పొరబడవద్దు.

చిట్టి ఆకులు కావడం వల్ల దీని నీడ పలుచగా ఉంటుంది. కింద గడ్డి చావదు. ఆకురాలు కాలంలో పసుపురంగుకు తిరిగి రాలే ఈ చిన్న రేకులు గాలికి ఎగిరిపోతాయి గనుక ఊడ్చే పని తక్కువ. అమెరికా నగరాల్లో ఎల్మ్ చెట్లు డచ్ ఎల్మ్ తెగులుకు బలై వీధులు బోసిపోయినప్పుడు, ఆ ఖాళీలను నింపడానికి పురపాలకులు దీనిని ఎంచుకోవడానికి ఈ పలుచని నీడ ఒక ముఖ్య కారణం. గట్టిపడిన నేలను, చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పును, కొంతకాలం నీటి ఎద్దడిని తట్టుకోవడం మరో కారణం.

రెండవ దశ: ముల్లు ఎక్కడి నుంచి పుట్టిందో చూడటం

ఊరి బయట, నది ఒడ్డున, పాత పొలాల గట్ల మీద పెరిగే అడవి రకానికే ముళ్ళుంటాయి. వీధుల్లో ఉన్నవి దాదాపు అన్నీ ముళ్ళు లేని రకాలు. అందువల్ల ముళ్ళు లేవు కనుక ఇది హనీ లోకస్ట్ కాదు అనే తీర్పు పనికిరాదు.

ముళ్ళున్న చెట్టు దొరికితే మాత్రం దగ్గరికి వెళ్ళి ఒక్క నిమిషం శ్రద్ధగా చూడవలసిందే. మన తుమ్మకు, సీమచింతకు ముళ్ళు ఆకు మొదట్లో జంటగా వస్తాయి. అవి ఆకు పక్కనుండే పుచ్ఛాలు మారి ఏర్పడినవి. హనీ లోకస్ట్ ముల్లు అలా కాదు. నిమ్మ, మారేడు చెట్లకు వచ్చినట్లు ఆకుకు పైన, పంగలోని మొగ్గ నుంచి పుడుతుంది. అంటే అది కుదించుకుపోయిన కొమ్మ. లోపలి చేవతో కలిసి ఉంటుంది గనుక గులాబి ముల్లులా వేలితో నెట్టితే ఊడిరాదు. మూడు నుంచి పది సెంటీమీటర్ల పొడవు మామూలు. ఇరవై సెంటీమీటర్లవీ ఉంటాయి. మధ్యలో ఒక పెద్ద మొన, ఇరువైపులా రెండు చిన్న మొనలు ఉండటం సాధారణం. లేతగా ఉన్నప్పుడు పచ్చగా మెత్తగా ఉండి, ముదిరే కొద్దీ ఎర్రబారి గట్టిపడి, చివరకు బూడిదరంగుకు తిరిగి పెళుసెక్కుతుంది. కొమ్మల మీదనే కాక నేరుగా మాను మీద కూడా ఇవి గుత్తులుగా పొడుచుకువస్తాయి. మన వైపు చెట్లలో ఇటువంటి దృశ్యం అరుదు. మరో విశేషం, పెద్ద చెట్టులో ముళ్ళు కింది భాగంలోనే ఎక్కువ. పైకి పోయేకొద్దీ తగ్గిపోతాయి. మేసే నోరు అందే ఎత్తు వరకే కాపలా అవసరమన్న లెక్క ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది. పై భాగంలోని ముళ్ళులేని కొమ్మను తీసి అంటు కడితే ఆ అంటుమొక్కకు కూడా ముళ్ళు రావు.

మూడవ దశ: పువ్వు, కాయ, గింజ

మే, జూన్ నెలల్లో ఆకుపచ్చ కలిసిన మీగడరంగు పూలు చిన్న గుత్తులుగా వస్తాయి. చూపుకు ఆనని పూలు గాని వాసన బాగుంటుంది, తేనెటీగలు మూగుతాయి. ఎక్కువగా మగ, ఆడ పూలు వేరువేరు చెట్ల మీద ఉంటాయి; అక్కడక్కడ ద్విలింగ పుష్పాలూ కలుస్తాయి. కాయలతో రోడ్డు పాడవకూడదని నర్సరీల వారు వీధుల కోసం కాయ కాయని, లేదా తక్కువగా కాసే రకాలను అంటు కట్టి అమ్ముతారు.

కాయ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పండి, చలికాలం పొడుగునా కొంచెం కొంచెంగా రాలుతుంది. చదునుగా, పట్టీలాగా, మెలితిరిగి, పదిహేను సెంటీమీటర్ల నుంచి నలభై సెంటీమీటర్ల వరకు పొడవుంటుంది. ఇప్పుడే రాలిన కాయను నిలువునా చీల్చి చూస్తే ఒక అంచు వెంబడి లేత పసుపు, ఆకుపచ్చ కలిసిన జిగురు గుజ్జు కనబడుతుంది. రెండవ అంచు వైపు పలుచని గూళ్ళలో ఒక్కొక్క గింజ విడిగా కూర్చుని ఉంటుంది. గింజ సుమారు ఒక సెంటీమీటరు పొడవున, కోలగా, నున్నగా, గోధుమరంగులో ఉండి గోటితో నొక్కితే గీత కూడా పడదు. కిలోకు సుమారు 6 వేల గింజలు తూగుతాయి. కొన్ని గింజలకు గుండుసూది తలంత గుండ్రని రంధ్రం ఉంటుంది. లోపలి పప్పును తిని పురుగు బయటికి వెళ్ళిన దారి అది. ఈ రంధ్రం సంగతి మళ్ళీ గింజలు తెచ్చుకునే చోట పనికివస్తుంది.

చెట్టు కాపుకు రావడానికి పదేళ్ళు పడుతుంది. 25 ఏళ్ళ నుంచి 75 ఏళ్ళ మధ్య కాపు బాగా ఉంటుంది.

చలికాలంలో వెళ్ళినవారు ఆకు లేని చెట్టును ఇలా పోల్చుకోవచ్చు: సన్నని రెమ్మలు కణుపు కణుపుకూ వంకర తిరుగుతూ పోతాయి, కణుపులు ఉబ్బి ఉంటాయి, ముదురు మాను బెరడు పొడవాటి పలకలుగా లేచి అంచులు పైకి చుట్టుకుంటాయి.

నాలుగవ దశ: విషపు చెట్ల నుంచి వేరు చేయడం

రుచి చూడాలన్న ఆలోచన ఉన్నవారు ఈ దశను దాటవేయకూడదు. హనీ లోకస్ట్‌ను పోలిన, కాని విషపూరితమైన చెట్లు రెండు అదే వీధుల్లో ఉంటాయి.

మొదటిది బ్లాక్ లోకస్ట్, అంటే రాబీనియా సూడొఅకేసియా. పేర్లు దగ్గరగా ఉండటంతో అక్కడివారు సైతం తికమక పడతారు. దీని ఈనె చివర ఒంటరి చిట్టి ఆకు ఉంటుంది. ముళ్ళు పొట్టిగా, ఆకు మొదట్లో జంటగా ఉంటాయి. పూలు అవిశ పూల పోలికతో తెల్లగా వేలాడతాయి. కాయ వేలెడు మించదు, లోపల గుజ్జు ఉండదు. దీని బెరడు, ఆకు, గింజ పశువులకూ మనుషులకూ హాని చేస్తాయి. రెండవది కెంటకీ కాఫీ చెట్టు. దీనికి ముళ్ళుండవు, కాయ పొట్టిగా, బాగా దళసరిగా ఉంటుంది, గింజలు గుండ్రంగా పెద్దవిగా ఉంటాయి. పచ్చి గింజ, గుజ్జు రెండూ విషమే. కాయ పొడవు జానెడుకు మించి, పలుచగా, మెలితిరిగి ఉండటం, ఆకు చివర ఒంటరి చిట్టి ఆకు లేకపోవడం, ఈ రెండు గుర్తులూ ఒకే చెట్టు మీద చూసుకున్న తరువాతే అది హనీ లోకస్ట్ అని నిర్ధారించాలి. ఒక్క గుర్తుతో సరిపెట్టుకోవద్దు.

నిర్ధారణ అయ్యాక, తాజాగా రాలిన శుభ్రమైన కాయను చీల్చి గుజ్జును నాలుక మీద పెట్టి చూడవచ్చు. తీపి ఉంటుంది గాని గొంతులో కొద్దిగా గరగర కూడా ఉంటుంది. గింజను, తొక్కను నమలకూడదు. బండ్లు తిరిగే రోడ్డు పక్క చెట్ల కాయలను, మందు కొట్టే పార్కుల కాయలను వదిలేయడం మంచిది. చెరొకీ తెగ ఆదివాసులు ఈ గుజ్జును తీపికోసం వాడేవారు. వారి పాత నివాస స్థలాల దగ్గర ఈ చెట్లు ఎక్కువగా కనబడటాన్ని పరిశోధకులు గమనించారు. 1930లలో టెనెసీ వ్యాలీ అథారిటీ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ పశువుల మేతకోసం బాగా తీపిగా ఉండే చెట్లను వెదికి మిల్‌వుడ్, కాల్‌హూన్ అనే రకాలను ఎంపిక చేసింది. ఇవన్నీ మేత పంటగా దాని విలువను చెబుతాయి. అంతమాత్రాన ఇది మన సీమచింతకాయలా బుట్టలో పెట్టి అమ్మే పండు అని భ్రమపడకూడదు.

ఐదవ దశ: పిల్లల ఇంటి పెరట్లో నాటించాలనుకుంటే

ఇల్లు కొన్న పిల్లలు వెనుక పెరట్లో నీడకు ఒక చెట్టు కావాలంటే హనీ లోకస్ట్ మంచి ఎంపికే, అయితే గింజ నుంచి కాదు. ముళ్ళులేని చెట్టు గింజల నుంచి కూడా ముళ్ళున్న మొక్కలు పుడతాయి. అందుకని నర్సరీలో షేడ్‌మాస్టర్, స్కైలైన్, సన్‌బరస్ట్ వంటి పేరున్న అంటుమొక్కనే అడిగి తీసుకోవాలి. సన్‌బరస్ట్‌కు లేత చిగుళ్ళు బంగారు పసుపులో వస్తాయి.

నాటే చోట రోజంతా ఎండ పడాలి. నీడలో ఇది ఎదగదు. పెద్ద వేళ్ళు నేల పైపైన పాకి కాలిబాటను లేపుతాయి గనుక ఇంటి గోడకు, సిమెంటు దారికి కనీసం ఆరేడు మీటర్ల దూరం ఉంచడం క్షేమం. తవ్వే ముందు అమెరికాలో 811 నంబరుకు ఫోన్ చేస్తే భూమిలోని గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టి వెళతారు. ఈ పని చేయకుండా పార పట్టకూడదు. గుంత వెడల్పుగా ఉండాలి గాని వేళ్ళ ముద్ద ఎత్తుకు మించి లోతు ఉండకూడదు. మాను వేళ్ళుగా విడివడే చోటు నేల మట్టానికి కనబడుతూ ఉండాలి. చుట్టూ చెక్కపొట్టు పరిచేటప్పుడు మానుకు తగలకుండా నాలుగు వేళ్ళ ఎడం వదలాలి. మొదటి రెండు వేసవులు నీళ్ళు తప్పకుండా అందాలి. బెరడు మీద పుండ్లు పెట్టే శిలీంధ్రం గాయాల గుండానే ప్రవేశిస్తుంది కాబట్టి కొమ్మల కత్తిరింపు పొడి వాతావరణంలోనే చేయించాలి.

ఆరవ దశ: గింజలు తెచ్చుకోవడంలో చట్టం

సూట్‌కేసులో బట్టల మధ్య నాలుగు కాయలు పెట్టుకుని చెన్నైలోనో బెంగళూరులోనో దిగడం చాలామంది చేసే పని. అది చేయకూడదు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విత్తడానికి విదేశీ గింజలు తేవాలంటే ముందుగా దిగుమతి అనుమతి, పంపే దేశపు అధికారులు ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. దిగిన చోట క్వారంటైన్ కేంద్రం పరీక్షించాలి. ఇది కేవలం కాగితాల తతంగం కాదు. పైన చెప్పిన గుండుసూది రంధ్రం గుర్తుంచుకోండి: రంధ్రం ఉన్న గింజ నుంచి పురుగు వెళ్ళిపోయింది, రంధ్రం లేని గింజలో అది ఇంకా లోపలే ఉండవచ్చు. చిక్కుడు కుటుంబపు చెట్లు, పప్పు పంటలు ఇంత విస్తారంగా ఉన్న మన రాయలసీమకు కొత్త గింజపురుగును మోసుకురావడం ఎవరూ కోరరు. చట్టబద్ధంగా తెచ్చి అమ్మే విత్తన వ్యాపారి దగ్గర, బిల్లుతో కొనగలిగితేనే తరువాతి దశలకు వెళ్ళాలి.

ఏడవ దశ: గింజ శుద్ధి

గింజను ఉన్నది ఉన్నట్లు మట్టిలో వేస్తే నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. పైతొక్క నీటిని లోపలికి రానీయదు. సహజంగా అయితే జంతువు దవడలు, కడుపులోని రసాలు ఆ తొక్కను బలహీనం చేస్తాయి. మనం చేసే శుద్ధి అంతా ఆ పనికి బదులు. అమెరికా నర్సరీలు గాఢ గంధకికామ్లంలో (సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో) గంట, రెండు గంటలు నానబెడతాయి. ఇంట్లో ఆ ప్రయత్నం ప్రమాదకరం, అవసరమూ లేదు. ఇంటికి తగిన పద్ధతులు రెండు.

పది, ఇరవై గింజలే ఉంటే గీకే పద్ధతి మేలు. గింజను దగ్గరగా పట్టుకుని చూస్తే ఒక కొసన చిన్న మచ్చ కనబడుతుంది. కాయకు అతుక్కుని ఉన్న చోటు అదే, మొలక వేరు అటు నుంచే బయటికి వస్తుంది. ఆ కొసను వేళ్ళ మధ్య దాచి, దానికి ఎదురు కొసను ఉప్పుకాగితం మీద రుద్దాలి. గోధుమరంగు పొర పోయి కింద లేత రంగు చుక్క కనబడగానే ఆపాలి. ఇంకా రుద్దితే పప్పు దెబ్బతింటుంది. గోరుకత్తెరతో ఆ కొసను రవ్వంత తుంచినా సరిపోతుంది. తరువాత గది వేడిలో ఉన్న నీటిలో రాత్రంతా నానబెట్టాలి.

గింజలు ఎక్కువ ఉంటే వేడినీటి పద్ధతి. నీరు మరిగాక పొయ్యి ఆపి, మూడు నిమిషాలు ఆగి, గింజలకు ఐదింతల నీరు వాటి మీద పోసి, మూత పెట్టి అలాగే చల్లారనివ్వాలి. పొయ్యి మీద పెట్టి గింజలను ఉడికించకూడదు. వేడినీటికి, ఉడకబెట్టడానికి ఉన్న ఈ తేడా మరచిపోతే ఒక్క గింజా మిగలదు. ఇరవైనాలుగు గంటల తరువాత గిన్నెలో చూస్తే గింజలు రెండు తెగలుగా విడిపోయి ఉంటాయి. నీరు పీల్చినవి దాదాపు రెండింతలుగా ఉబ్బి, రంగు తేలి, నొక్కితే రబ్బరులా అణుగుతాయి. పీల్చనివి మొదట ఉన్నట్లే గట్టిగా అడుగున పడి ఉంటాయి. ఉబ్బిన వాటిని ఏరి ఆ రోజే విత్తాలి. ఆరబెట్టి దాచితే చచ్చిపోతాయి. ఉబ్బని వాటికి మళ్ళీ అదే వేడినీళ్ళు పోయాలి, లేదా ఒక్కొక్కటిగా గీకాలి. చలి దేశపు చెట్టు కదా అని గింజలను వారాలపాటు ఫ్రిజ్‌లో పెట్టే వారున్నారు. హనీ లోకస్ట్‌కు ఆ చలి శుద్ధి అక్కరలేదు.

ఈ విద్య ఒక్క విదేశీ గింజకే పరిమితం కాదు. మన రేల, నల్లతుమ్మ, సుబాబుల్ గింజలకూ ఇదే తొక్క, ఇదే మందు. విదేశీ గింజల మీద చెయ్యి పెట్టే ముందు రోడ్డు పక్క రేలకాయను పగలగొట్టి ఆ గింజలతో ఒకసారి అభ్యాసం చేయడం తెలివైన పని.

ఎనిమిదవ దశ: విత్తడం, మొక్కను నిలబెట్టడం

తిరుపతి, చిత్తూరు మైదానంలో విత్తడానికి ఆగస్టు అనువైనది. ఆషాఢపు గాలి తగ్గుతుంది, ఎండ తీవ్రత సడలుతుంది. అక్టోబరు, నవంబరు నెలల ఈశాన్య రుతుపవనపు జోరువానలు వచ్చేసరికి మొక్క కాండం గట్టిపడుతుంది. మళ్ళీ మే ఎండలు ముంచుకొచ్చే నాటికి వేరు లోతుకు పోయి ఉంటుంది. సంక్రాంతి తరువాత విత్తితే లేత మొక్క నేరుగా వేసవిలోకి అడుగుపెడుతుంది.

మొక్క తొలినాళ్ళ నుంచే తల్లివేరును నిలువునా దింపుతుంది కాబట్టి వెడల్పు తొట్టికన్నా లోతైన సంచి ముఖ్యం. అడుగు ఎత్తు పాలిథిన్ సంచికి కింద, పక్కల రంధ్రాలు పెట్టి, ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి నింపాలి. ఉబ్బిన గింజను సెంటీమీటరున్నర లోతున అడ్డంగా పడుకోబెట్టి మట్టి కప్పాలి. ఒకటి నుంచి మూడు వారాల్లో గింజపప్పులు రెండూ మట్టిని చీల్చుకుని పైకి వస్తాయి. నీరు తడి చెడకుండా ఇవ్వాలి గాని నిలవనివ్వకూడదు; మొలక మొదలు కుళ్ళి పడిపోవడానికి ఎండకన్నా అతి తడే ఎక్కువ కారణం. మొదటి నెల పొద్దుటి ఎండ, ఆ తరువాత పూర్తి ఎండ. వేరు సంచి అడుగున చుట్టుకోకముందే పెద్ద కుండీలోకి మార్చాలి. ముళ్ళు వచ్చే అవకాశం ఉన్నందువల్ల పిల్లలు తిరిగే చోటికి దూరంగా పెట్టడం మంచిది.

తొమ్మిదవ దశ: నేలలో నాటాలా వద్దా

నా మాట స్పష్టంగా చెబుతాను: తిరుపతి, చిత్తూరు మైదానంలో దీనిని కుండీలో చూసి ఆనందించే మొక్కగానే ఉంచాలి, పొలంలో నాటకూడదు. మొదటి కారణం వాతావరణం. ఇది గడ్డకట్టే చలిలో ఆకు రాల్చి నిద్రపోయి, వేసవి పొడుగు పగళ్ళలో ఎదిగే చెట్టు. జూన్ మూడవ వారంలో షికాగోలో పగలు 15 గంటలు దాటితే తిరుపతిలో సుమారు 13 గంటలే. ఇక డిసెంబరు రాత్రులలో కూడా మన మైదానంలో దానికి కావలసిన చలి ఉండదు. చలి చాలని చోట ఇటువంటి చెట్లు ఎడాపెడా చిగురించి, నీరసించి, కాపుకు రాకుండా పోవచ్చు. 1,265 మీటర్ల ఎత్తున్న హార్స్‌లీ కొండ చల్లనిదే గాని అక్కడా మంచు గడ్డకట్టే చలికాలం లేదు.

రెండవ కారణం ఇంతకన్నా బలమైనది. ఒకవేళ అది బతికి కాపుకు వస్తే? ఆవులు, మేకలు ఇష్టంగా తినే కాయ, కడుపులో చావని గింజ, పేడతోపాటు ఊరంతా పరచుకునే మొలకలు, దరిచేరనీయని ముళ్ళు. ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో, అర్జెంటీనాలో ఈ చెట్టు సరిగ్గా ఇలాగే మేత భూముల్లోకి, ఏటి గట్ల మీదికి పాకి కలుపు చెట్టుగా మారింది. సర్కారు తుమ్మ మన చెరువులను, బీళ్ళను ఎలా ఆక్రమించిందో స్వర్ణముఖి, బాహుదా పరీవాహక గ్రామాల రైతులకు వేరే చెప్పనక్కరలేదు. అది కూడా పశువులు తినే తీపికాయతోనే వ్యాపించింది.

పదవ దశ: అదే గుణం మన చెట్లలో

హనీ లోకస్ట్‌లో ఏ గుణం నచ్చిందో దానిని బట్టి ఇక్కడి చెట్టును ఎంచుకోవాలి. వీధి నీడకైతే కానుగ. ఖాళీ స్థలం బాగా ఉంటే నిద్రగన్నేరు, దాని జిగురు తీపికాయను పశువులు వదలవు. మేకల మేతకు నల్లతుమ్మ కాయలు, అవిశాకు ఉన్నాయి. తీపికాయ, ముళ్ళకంచె రెండూ ఒకే చెట్టులో కావాలంటే సీమచింతను మించినది లేదు. ఇదీ మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వచ్చినదే, కాని తరతరాలుగా మన పొలం గట్ల మీద ఇమిడిపోయింది.

సీమచింత కంచె వేయడం సులభం. వేసవిలో పండిన కాయల నుంచి తెల్లని, గులాబిరంగు పప్పును తిన్నాక మిగిలే నల్లగింజలను కడిగి నీడన ఆరబెట్టాలి. వీటికి వేడినీళ్ళ శుద్ధి అవసరం లేదు. తొలకరి తడి అందగానే గట్టు వెంబడి జానెడు లోతు కాలువ తీసి, మాగిన ఎరువు కలిపి, ఎరువు కలిపిన మట్టితోనే కాలువను తిరిగి నింపి, దాని మీద రెండు వరుసలుగా, వరుసకూ వరుసకూ అడుగు ఎడంతో, గింజకూ గింజకూ జానెడు ఎడంతో, సెంటీమీటరు లోతున విత్తాలి. రెండు వరుసల గింజలు ఎదురెదురుగా కాక ఒకదాని సందులోకి ఒకటి వచ్చేటట్లు పెడితే కంచె దట్టమవుతుంది. మొదటి ఏడు మేకలు అందుకోకుండా కంపతో దడి కట్టాలి. మొక్కలు మోకాటి ఎత్తుకు రాగానే తల తుంచాలి. అప్పుడే కింది నుంచి కొమ్మలు విడుతాయి. ఆపైన ఏటా వానలకు ముందు ఒకసారి, సంక్రాంతి తరువాత ఒకసారి ఛాతీ ఎత్తున కత్తిరిస్తూ పోవాలి. కాయలు కూడా కావాలనుకున్నవారు ప్రతి పది మీటర్లకూ ఒక మొక్కను కత్తిరించకుండా పైకి వదలాలి.